కడగకూడని నీళ్లు

దమయంతి చేతికి ఏది దొరికినా కడిగేస్తుంది. పన్నెండేళ్లు డయాలసిస్ యూనిట్‌లో టెక్నీషియన్‌గా చేసిన చెయ్యి అది. గొట్టాలు కడగాలి, మంచాలు తుడవాలి, మెషిన్‌లో మందునీళ్లు తిప్పాలి, ఆ తర్వాత తన చేతులు మోచేతుల దాకా రుద్దుకోవాలి. ఒక్క క్రిమి గొట్టంలో మిగిలినా అది మనిషి నెత్తురులోకి పోతుంది. కాబట్టి ఆమె దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే రకాల వస్తువులు: కడిగినవి, ఇంకా కడగవలసినవి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈమెది ఉద్యోగంతో వచ్చిన బుద్ధి, కానీ పట్టు మాత్రం అంతే.

అలాంటి మనిషిని తెచ్చి బురదకు కాపలా పెట్టారు.

బారువ దగ్గర సముద్రం ఒడ్డున మూతపడ్డ రొయ్యపిల్లల హేచరీని అద్దెకు తీసుకుని డాక్టర్ వైకుంఠరావు ప్రయోగశాల పెట్టాడు. ఆయన వైద్యుడు కాడు. సముద్రపు పాచి మీద ముప్పై ఏళ్లు పనిచేసిన శాస్త్రవేత్త. హాలు మధ్యలో మంచమంత గాజు తొట్టె, అందులో ఊదా, నారింజ, ఆకుపచ్చ రంగుల పగడాలు. వాటి మీద వందల కొద్దీ చిన్న చిన్న నోళ్లు పూలలా విచ్చుకుని ఉండేవి, సందుల్లో చిన్న చేపలు తిరిగేవి. ఆ తొట్టె కింద బల్ల అరలో ఇంకో తొట్టె. దాన్ని ఆయన సంప్ అన్నాడు. దమయంతికి తెలిసిన సంపు ఇంటి ముందు నేలలో తవ్వి కుళాయి నీళ్లు పట్టుకునేది. ఇదేమో గాజు పలకలతో మూడు గదులు చేసిన తొట్టె.

పై తొట్టెలో అంచు దాటి పొర్లిన నీళ్లు గొట్టంలోంచి మొదటి గదిలోకి దిగుతాయి. అక్కడ ఒక గుడ్డసంచి చెత్తను పడుతుంది, స్కిమ్మర్ అనే పరికరం బుడగలు కొట్టి నీళ్లలోని జిడ్డును నురగగా పైకి లాగుతుంది. చివరి గదిలో పంపు నీళ్లను మళ్లీ పైకి తోస్తుంది. నడిమి గది పేరు రెఫ్యూజియం. దాని అడుగున జానెడు బురద, బురద మీద చిల్లుల రాళ్లు, రాళ్ల మీద దువ్వెన ఎరగని జుట్టులా చిక్కుపడిన పాచి. పాచి నిండా ఆవగింజంత పురుగులు.

"ఇదేనమ్మా మన కిడ్నీ" అన్నాడు వైకుంఠరావు, కన్నబిడ్డను చూపించినట్టు.

దమయంతి ముక్కు మూసుకుంది.

ఆయన చెప్పింది మాత్రం ఆమె చెవులు మూసుకోకుండా వింది. ఆసుపత్రిలో ఒక్కసారి డయాలసిస్ చెయ్యాలంటే వంద లీటర్లకు పైగా శుద్ధిచేసిన నీళ్లు కావాలి. అవన్నీ మనిషి నెత్తురులోని మురికిని మోసుకుని కాలవలోకి పోతాయి. ఈ పాచికి ఆ మురికే అన్నం. యూరియా, పొటాషియం, ఏది వచ్చినా తినేలా వైకుంఠరావు దాన్ని మార్చాడు. వాడిన ద్రవం ఒక పలచని పొరకు ఇటు, సంప్ నీళ్లు అటు. పొర ఉప్పును ఆపి మురికిని మాత్రమే దాటనిస్తుంది. దాంతో ఇరవై లీటర్ల ద్రవమే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. అంటే ట్రంకుపెట్టెంత యంత్రం, ఈ తొట్టె ఉంటే చాలు, డయాలసిస్ ఇంటి వసారాలోనే అవుతుంది.

"పగడాలెందుకు సార్?" అని అడిగింది.

"పాచిని ఒంటరిగా శుభ్రమైన గాజులో పెడితే మూడు వారాల్లో కుళ్లిపోతోందమ్మా. దానికి పురుగులు కావాలి, బురద కావాలి, సంసారం కావాలి. ఇక పగడాలంటావా, అవి మన కాపలాదార్లు. నీళ్లలో వెంట్రుకంత తేడా వచ్చినా ముందు అవే ముడుచుకుంటాయి."

దమయంతి ఆసుపత్రి ఉద్యోగం మానుకుని ఇక్కడికి వచ్చింది వాళ్ల అప్ప కోసం, తోడబుట్టిన అక్క కోసం. ఉద్దానంలో ఏ వీధికి వెళ్లినా కిడ్నీ పోయిన మనిషి ఒకరు కనిపిస్తారు. వాళ్ల వీధిలో ఆ మనిషి గురమ్మ. దమయంతిని ఎత్తుకుని పెంచిన అప్ప, జీడిపిక్కలు కొట్టి చదివించిన అప్ప. ఐదేళ్లుగా వారానికి మూడుసార్లు తెల్లారకముందే బస్సెక్కి, రెండు గంటలు కూర్చుని, నాలుగు గంటలు పడుకుని, మళ్లీ రెండు గంటలు కూర్చుని ఇంటికి చేరుతోంది. ప్రయోగానికి రాసుకున్న జాబితాలో ఆమెది రెండో పేరు. మొదటి పేరు కొబ్బరితోట కాపలా చేసిన ఎర్రయ్యది. వరసకు దమయంతికి మావ. ఇంకో పదిహేను రోజుల్లో ఆయన ఇంటి వసారాలో మొదటి తొట్టె పెట్టాలి.

ఆ వారంలోనే వైకుంఠరావు విశాఖపట్నం వెళ్తూ, "మూడు రోజులు నీళ్లు చూస్తూ ఉండమ్మా" అని చెప్పి వెళ్లాడు.

ఆమె చూసింది. మొదటి రోజు చూసింది. రెండో రోజు ఆ పురుగులు ఎర్రయ్య మావ నెత్తురుకు ఒక్క పొర దూరంలో పాకుతాయన్న సంగతి తలుచుకుని చూసింది. మూడో రోజు చీర కుచ్చిళ్లు ఎగదోపి, చేతులకు గ్లవుజులు తొడిగింది. రాళ్లను బ్లీచింగ్ నీళ్లలో ముంచి పీచుతో తోమింది. బురదనూ చిక్కుపడిన పాచి ముక్కలనూ వెనక ఉన్న పాత హేచరీ మురుగు గోతిలో పారబోసింది. మిగిలిన పాచిని కుళాయి కింద మూడుసార్లు జాడించి, కొత్త పెళ్లికూతురికి జడ వేసినట్టు సర్ది పెట్టింది. గాజు తళతళలాడింది. ఆ సాయంత్రం ఆమె ఎంత తృప్తిగా అన్నం తిందో ఆమెకే తెలుసు.

వైకుంఠరావు వచ్చేసరికి పాచి తెల్లబడి, ముట్టుకుంటే జారిపోయే జిగురైపోయింది. పైన పగడాలు ముడుచుకున్నాయి.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. బల్ల ముందు నేల మీద కూలబడి, జిగురును వేళ్లతో తీసి చూశాడు.

"ఏం చేశావమ్మా?"

"కడిగానండి."

"దేంతో?"

ఆమె చెప్పింది. చెబుతుండగానే ఆయన ముఖం చూసి అర్థమైంది.

"పదకొండు నెలలు" అన్నాడాయన నెమ్మదిగా. "బతికింది ఈ ఒక్క రకమే. దీనికి ఇంకో ముక్క లేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దమయంతి తర్వాత రెండు వారాలూ పుస్తకాలు పట్టుకుంది. వైకుంఠరావు ఆమెను పొమ్మనలేదు, ఉండమనలేదు. పదిహేనో రోజు ఆమె వెనక మురుగు గోతి దగ్గరికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలియదు. చంపిన చోటికి మనిషి కాళ్లు వాటంతటవే పోతాయేమో. గోతిలో పాత ఉప్పునీళ్లు, కుళ్లిన ఆకులు, ఆమె పారబోసిన బురద. ఆ బురద మీద, ఎండ పడే మూల, బొటనవేలంత పచ్చటి చిక్కు.

ఆమె చెంగుతో ముక్కు మూసుకోలేదు. మోకాళ్ల దాకా ఆ గోతిలోకి దిగి, దోసిట్లో నీళ్లతో సహా ఎత్తుకుని పరిగెత్తింది. "సార్! సార్! ఉందండీ!" అని హాలంతా దద్దరిల్లేలా అరిచింది. వైకుంఠరావు భూతద్దం పెట్టి చూసి, దమయంతిని చూసి, ఆమె మోకాళ్ల నిండా ఉన్న మురుగు చూసి మొదటిసారి నవ్వాడు.

బొటనవేలంత పాచి తొట్టెడు కావాలంటే ఏడు నెలలు పట్టింది. ఎర్రయ్యకు అన్ని నెలలు లేవు. నాలుగో నెలలో వానలకు రోడ్డు తెగి బస్సులు ఆగిపోయాయి. వరసగా రెండు డయాలసిస్‌లు తప్పి ఆయన పోయాడు. ముందు అనుకున్న ప్రకారం జరిగుంటే ఆ పాటికి తొట్టె ఆయన వసారాలో తిరుగుతూ ఉండేది. ఇది ఎవరూ దమయంతితో అనలేదు. అనవలసిన అవసరం కూడా లేకపోయింది.

ఆమె వెళ్లి అప్పకు మొత్తం చెప్పింది. గురమ్మ పెరట్లో కూర్చుని జీడిపప్పు మీద పొట్టు తీస్తోంది. విన్నంతసేపూ కత్తి ఆపలేదు.

"ఎర్రయ్య మావని నేను చంపేసినట్టేనప్పా."

"బస్సు సంపినాది. వాన సంపినాది. అందులో నీ పాలూ ఉన్నాది, లేదని నాను అబద్ధం సెప్పను." గురమ్మ పొట్టు ఊది పారేసింది. "ఏడిస్తే ఆ పాచి పెరుగుతాదేటే గుంటా? పెరగదు కదా? అలాగైతే ఎల్లి పని సూడు. తరవాత పేరు నాదే."

"అప్పా, నీ మీద ఈ ప్రయోగం పెట్టాలంటే నాకు భయంగా ఉంది."

"నానెలాగూ ఏదో ఒక గొట్టానికి కట్టుబడి ఉన్నదాన్నే. బస్సులో సచ్చేకన్నా సేపల పక్కన బతకడానికి సూస్తాను."

కొత్త సంప్ వైకుంఠరావూ దమయంతీ కలిసి కట్టారు. దమయంతి ఈసారి సబ్బు చేతులతో నీళ్ల దాపులకు కూడా పోలేదు. మొదట్లో చేతులు ఏం చెయ్యాలో తెలియక వెనక్కి కట్టుకుని నిలబడేది. అయితే ఆమెకు తెలిసినవి కూడా కొన్ని ఉన్నాయి. వైకుంఠరావు నీళ్లన్నిటినీ రెఫ్యూజియంలోంచే జోరుగా పోనిచ్చేవాడు. లేత పాచి ముక్కలై పంపుకు అడ్డం పడేది.

"నెత్తుర్ని ఇలా తోస్తే మనిషి బతకడండి" అందామె. "ఫిల్టర్‌లోంచి ఎప్పుడూ నిదానంగా పంపుతాం. మురికి దిగడానికి తీరిక ఉండాలి."

ఆయన గొట్టాన్ని రెండు పాయలు చేశాడు. పెద్ద పాయ స్కిమ్మర్ మీదుగా నేరుగా పంపుకు. చిన్న పాయ వాల్వు దాటి, వేలంత ధారగా పాచి గదిలోకి. వారం తిరిగేసరికి పాచి రెట్టింపైంది. అప్పటి నుంచి ఆయన ఏ గొట్టం బిగించినా ముందు ఆమె వంక చూసేవాడు.

ఇంకోరోజు ఆమె ఉన్నట్టుండి ప్లగ్గు పీకేసింది. "ఉద్దానంలో కరెంటు పోకుండా ఉంటుందా సార్? పోతే ఏమవుతుందో చూద్దాం." పంపు ఆగింది. పైకి తోసే గొట్టమే పై తొట్టెలోని నీళ్లను వెనక్కి పీల్చడం మొదలుపెట్టింది. సంప్ నిండి, పొర్లి, హాలంతా చెరువైంది. చీపుళ్లు పట్టుకుని ఇద్దరూ గంటసేపు ఉప్పునీళ్లు ఊడ్చారు. ఆ తర్వాత ఆయన ఆ గొట్టానికి నీటి మట్టం దగ్గర బఠాణీ గింజంత చిల్లు పెట్టాడు. చిల్లు తేలగానే గాలి జొరబడి పీల్చడం ఆగిపోతుంది. సంప్‌లో కూడా ఆ కాస్త నీటికి చోటు వదిలారు. ప్లగ్గు మళ్లీ పీకితే చుక్క కూడా కింద పడలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. గురమ్మ వసారాలో తొట్టె పెట్టాక ఆరు వారాలు మనిషిని కలపకుండా, ద్రవంలో యూరియా, పొటాషియం కలిపి పరీక్షలు చేస్తూ తిప్పారు. హేచరీలో మాగిన రాళ్లు, బురద, పాచి అన్నీ వచ్చి ఆ గదిలో కుదురుకున్నాయి. చిన్న పురుగులు పాచిలో పుట్టి, పంపు దాటి పైకి చేరి పగడాలకు, చేపలకు తిండి అవుతున్నాయని విన్న గురమ్మ, ఆ గదికి "పుట్టిల్లు" అని పేరు పెట్టింది. అక్కడ పుట్టి పెరిగి పైకి కాపరానికి పోతున్నాయట. రెఫ్యూజియం అన్న మాటకు నోరు తిరగని ఊరంతా పుట్టిల్లే అంది.

ప్రయోగం రోజు వచ్చింది. ఉదయం తొమ్మిదింటికి కిడ్నీ డాక్టరు షహీనా వచ్చింది. వాకిట్లో అంబులెన్స్ నిలబెట్టారు. గురమ్మకు డయాలసిస్ జరిగి నాలుగు రోజులైంది. ఇది పనిచెయ్యకపోతే రెండు గంటల దూరంలో ఆసుపత్రి. పొటాషియం ఇంకా పెరిగితే గుండె ఆ రెండు గంటలు ఆగుతుందో లేదో ఎవరికీ తెలియదు.

సూది దమయంతే గుచ్చింది. నెత్తురు కదిలింది. ద్రవం కదిలింది. సంప్‌లో నీళ్లు గలగలమంటూ దిగుతున్నాయి. గురమ్మ పగడాల మధ్య తిరిగే పసుపు చేపకు మరిది పేరు పెట్టి ఆటపట్టిస్తోంది.

పదకొండింటికి పగడాలు ముడుచుకున్నాయి.

ముందు ఊదా రంగుది, తర్వాత నారింజది. చూస్తుండగానే తొట్టె అంతా మొండి రాళ్ల గుట్టయింది. షహీనా రక్తపు చుక్క తీసి చేతి యంత్రంలో పెట్టింది.

"పొటాషియం దిగలేదు. మురికి ద్రవంలోంచి పోవట్లేదు. పావుగంట చూస్తాను, తర్వాత తీసేసి బయల్దేరుదాం."

"పాచి చచ్చిపోయిందా?" అన్నాడు వైకుంఠరావు. "నిన్న రాత్రి కూడా బ్రహ్మాండంగా ఉందే!"

గురమ్మ నవ్వడం మానేసింది. "దమ్మీ" అని చిన్నప్పుడు పిలిచినట్టు పిలిచింది. "కాళ్లు తిమ్మిరెక్కుతన్నాయే."

దమయంతి చెయ్యి దానంతటది బకెట్టు కేసి పోయింది. నీళ్లు మార్చెయ్యి, రాళ్లు తీసెయ్యి, కడిగెయ్యి అంటోంది చెయ్యి. ఆమె రెండో చేత్తో దాన్ని పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది. మరి కడగకపోతే ఏం చెయ్యాలి? డయాలసిస్ యూనిట్‌లో మెషిన్ పనిచెయ్యకపోతే ముందు ఏం చూస్తారు? స్విచ్చి వేసి ఉందా లేదా చూస్తారు.

ఆమె వంగి బల్ల అరలోకి చూసింది. పుట్టింట్లో చీకటి.

"సార్! మన పరీక్షలన్నీ ఏ వేళప్పుడు చేశాం?"

"సాయంత్రం ఏడు దాటాక. కరెంటు నిలకడగా ఉంటుందని..."

"కింద దీపం ఎప్పుడు వెలుగుతుంది?"

"రాత్రి" అన్నాడు వైకుంఠరావు. పగడాలు పెంచేవాళ్లందరికీ అది అలవాటు. పగలు పై దీపం, రాత్రి కింద దీపం. పగడాలు నిద్రపోయే వేళ పాచి మేలుకుని ఉంటే నీళ్ల గుణం మారకుండా ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆయన టైమర్‌ను అలాగే పెడుతున్నాడు. ఆమె చేతికి కడగడం ఎంతో, ఆయన చేతికి ఆ టైమర్ అంతే. పాచి చావలేదు. వెలుగు లేక, తిండి ముందు పెట్టుకుని నిద్రపోతోంది.

దమయంతి టైమర్‌ను పీకి పారేసి వైరును నేరుగా ప్లగ్గులో గుచ్చింది. పుట్టింట్లో గులాబీ రంగు వెలుగు పరుచుకుంది.

ఐదు నిమిషాలు ఏమీ లేదు. పదో నిమిషంలో పాచి మీద ఒక బుడగ లేచింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత జుట్టంతా ముత్యాలు చుట్టుకున్నట్టు బుడగలే బుడగలు. పాచి తింటోంది! షహీనా పావుగంటకు ఒకసారి, అరగంటకు ఒకసారి చుక్క తీసింది. మూడోసారి యంత్రాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని రెండుసార్లు చదివింది.

"దిగుతోంది" అంది. "దిగుతోందండీ!"

పగడాల మీద మొదట ఒక్క నోరు తెరుచుకుంది. గురమ్మే చూసింది. "అదిగో, ఆ నారింజదాన్ని సూడండి, బుగ్గలు పొంగిస్తన్నాది" అంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి తొట్టె అంతా విచ్చుకుంది. వాకిట్లో గుమిగూడిన జనం ఈలలు వేశారు. అంబులెన్స్ డ్రైవరు లోపలికొచ్చి తొంగిచూసి, ఖాళీ బండి తోలుకుని వెళ్తూ వీధి పొడుగునా హారన్ కొట్టుకుంటూ పోయాడు. వైకుంఠరావు టైమర్‌ను జేబులో వేసుకుని దమయంతికి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. ఆమెకు దుఃఖం వచ్చింది. సంతోషం పట్టలేక వచ్చిన దుఃఖమే అది, కానీ అందులో ఎర్రయ్య మావ కూడా ఉన్నాడు.

ఈ విద్యకూ ఒక వెల ఉంది. పాచి ఒకసారి మనిషి మురికికి అలవాటు పడితే ఇంకో తిండికి రాదు. రోజూ ఆ మనిషి రావాలి, లేకపోతే ఆకలికి చస్తుంది. అందుకని గురమ్మ ఏ ఊరూ రాత్రి ఉండలేదు. ఇచ్ఛాపురంలో మరిది కూతురి పెళ్లికి పొద్దున వెళ్లి, తాళి కట్టగానే విస్తరి ముట్టకుండా వచ్చేసింది. "ఇంట్లో పాడి ఉన్నదానికి ఊరెలా కుదురుతాది?" అంటుంది. కానీ రోజూ నెత్తురు శుభ్రపడే మనిషికి పత్యం కొంత సడలింది. మూడో నెలలో షహీనా, పొటాషియం ఉంటుందని వద్దన్న కొబ్బరినీళ్లకు, అరగ్లాసు వరకు ఒప్పుకుంది. చుట్టూ కొబ్బరితోటలే ఉన్న ఊళ్లో ఆరేళ్లు నోరు కట్టుకున్న గురమ్మ, ఆ అరగ్లాసునూ అరగంటసేపు తాగింది.

తర్వాత తొట్టెలు ఒకటి వెనక ఒకటి లేచాయి. పద్దెనిమిదోది పారమ్మ ఇంట్లో. పారమ్మ ఎర్రయ్య భార్య. భర్త పోయిన ఏడాదికి ఆమె కిడ్నీలూ పోయాయి.

దమయంతి గురమ్మ తొట్టెలో మాగిన రాళ్లూ, బురదా, పాచీ, నారింజ పగడం ముక్కా బకెట్లలో తెచ్చింది. గడప దగ్గరే ఘాటు వాసన ముక్కుకు తగిలింది. పారమ్మ వసారా అంతా ఫినాయిలుతో కడిగి, గోడలు కూడా తుడిచి, తొట్టె పెట్టే చోట ముగ్గేసి ఉంచింది.

దమయంతి బకెట్లు బయటే దింపేసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నాళ్ల నుంచో మోస్తున్న మాట ఇక గొంతులో ఆగలేదు.

"అత్తా, మీ ఇంటికి రావాల్సిన మొదటి తొట్టెను నేనే పాడు చేశాను. ఇలాగే శుభ్రంగా కడిగి పాడు చేశాను. లేకపోతే మావ ఉండేవాడు."

పారమ్మ చేతిలో గుడ్డ పిండి దండెం మీద ఆరేసింది. తొందరపడలేదు.

"గురమ్మ నాకెప్పుడో సెప్పినాది" అంది. "నీ నోట ఇనాలని సూసినాను. ఇంత కాలానికి ఇన్నాను." కళ్లు తుడుచుకుంది. "నువ్వు కడిగీసినావని సెప్పినాది గాని, ఆ ముండ, కడగకూడదని సెప్పలేదు. ఇప్పుడేటి సెయ్యాల?"

"కిటికీలన్నీ తీసి పెడదాం. వాసన పోయేదాకా అరుగు మీద పెడదాం."

"అయితే అరుగు మీదే ఉండనీ. మీ మావ కూకునే సోటే అది."

సంప్‌ను అరుగు మీదే కుదిర్చారు. పారమ్మ తన చేతుల్తోనే బురదను నడిమి గదిలో పరిచి, పాచిని పైన పెట్టింది. దమయంతి పంపు వేసింది. నీళ్లు పైకెక్కి, అంచు దాటి, గలగలమంటూ కిందికి దిగాయి. నారింజ పగడం ప్రయాణానికి అలిసి ముడుచుకునే ఉంది. వాళ్ల చేతులకు మోచేతుల దాకా బురద ఉంది. పక్కనే నూతి దగ్గర నీళ్లూ సబ్బూ ఉన్నాయి. ఇద్దరూ లేవలేదు. ఆ పగడం విచ్చుకునేదాకా ఎర్రయ్య కూర్చునే చోటికి రెండు పక్కలా అలాగే కూర్చున్నారు.